రేపు బల్ల ఉందంటే ఇవాళ సాయంత్రమే చేయాల్సిన పని

రేపు మొదటి ఆదివారం, చర్చిలో ప్రభువు బల్ల, అంటే యేసు చివరి విందు గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం ఉంది అనగానే మన గుంటూరు ఇళ్లల్లో తెల్ల చీర ఇస్త్రీకి వెళ్లిపోద్ది, పిల్లల షూ పాలిష్ అయిపోద్ది, మనసు సంగతి మాత్రం చర్చి గేటు దగ్గర బండికి స్టాండ్ వేసేటప్పుడు గుర్తొస్తది. అప్పుడేం సిద్ధపడతాం చెప్పండి.

శనివారం దీపాలు పెట్టే వేళకి టీవీ కట్టేసి బైబిల్లో 1 కొరింథీ 11లో 17వ వచనం నుంచి చివరిదాకా చదవండి, ఐదు నిమిషాల పని. చాలామంది 28వ వచనం ఒక్కటే పట్టుకుని నేను యోగ్యుణ్ణి కాదని వెనక బెంచీలోనే ఉండిపోతారు, కానీ ఆ పత్రిక రాసిన పౌలు తన్ను తాను పరీక్షించుకుని తినమన్నాడు గానీ మానేయమనలేదు కదా. పైగా ఆయన కోపమంతా దేనికో పై వచనాల్లో చూడండి, ఉన్నోళ్లు ముందే తినేసి లేనోళ్లని ఆకలితో వదిలేశారని. అంటే సినిమా చూశానా లేదా అన్న లెక్క తర్వాత, తోటి మనిషితో ఎలా ఉన్నానన్నది ముందు.

అందుకే అసలు పని ఫోన్ చేయడం. మత్తయి 5:23, 24 తీయండి, నీకు వాళ్ల మీద కోపం ఉంటే అని కాదు, వాళ్లకి నీ మీద ఏమన్నా ఉందని గుర్తొస్తే అర్పణ అక్కడే వదిలేసి వెళ్లమన్నాడు ప్రభువు. వాట్సాప్‌లో వాక్యం ఫార్వర్డ్ చేస్తే చెల్లదండీ. "వదినా, ఆరోజు పెళ్లిలో అందరి ముందు అలా అనకుండా ఉండాల్సింది, తప్పు నాదే" అని అక్కడితో ఆపేయండి, "నువ్వు కూడా..." అన్నారో మళ్లీ మొదటికొస్తది. అవతలివాళ్లు మెత్తబడకపోతే రోమా 12:18 ఉంది, మన చేతనైనంత మట్టుకే మన బాధ్యత.

కానుక కవర్లో రాత్రే పెట్టుకోండి, సంచి ముందుకొచ్చాక చిల్లర వెతుక్కోవడం బాగోదు. దానికన్నా ముందు పనమ్మాయి జీతం బాకీ ఉంటే ఇచ్చేయండి, ఆపేసిన కూలి మొరపెడుతుందని యాకోబు 5:4 ఊరికే రాయలేదు.

ఉపవాసం అంటారా, గుణదలలో పూజకెళ్లే మన కేథలిక్ బంధువులకి సత్ప్రసాదానికి (మన బల్లనే వాళ్లు అలా అంటారు) ముందు గంటసేపు ఏమీ తినకూడదని నియమం, మంచినీళ్లు మందులు పర్లేదు. మనకి అలాంటి రూలేం లేదు, షుగర్ ఉన్నోళ్లు ఇడ్లీ తినే వెళ్లండి.

పొద్దున్నే తప్పు ఒప్పుకుని క్షమాపణ అడిగే 51వ కీర్తన ఒకసారి చదువుకుని పది నిమిషాలు ముందే చర్చిలో కూర్చోండి. మన ఆరాధన క్రమంలో పాపపు ఒప్పుకోలు మొదట్లోనే వచ్చేస్తది, పార్కింగ్ దగ్గర కబుర్లాడుతూ అది వదిలేసుకుని తిన్నగా బల్ల దగ్గరికి పరిగెత్తడం దేనికి.