నెలాఖరు రిపోర్టులో లెక్క తగ్గితే: మైఎస్‌క్యూఎల్‌లో తేదీల క్వెరీ సరిచేసుకోవడం

మార్చి అమ్మకాల మొత్తం తక్కువ వచ్చిందంటే ముందు అనుమానించాల్సింది డేటాబేస్ క్వెరీలో 'ఇక్కడి నుంచి ఇక్కడి వరకు' అని హద్దులు చెప్పే బిట్వీన్‌ని (BETWEEN). '2024-03-01' నుంచి '2024-03-31' వరకు అని రాస్తే, టైమ్ కూడా ఉన్న కాలమ్‌లో ఆ రెండో తేదీ అంటే 31న 00:00:00 అనే అర్థం. ఆ రోజంతా జరిగిన అమ్మకాలు బయటే ఉండిపోతాయి. చివర 23:59:59 తగిలించినా, కాలమ్‌లో మైక్రోసెకన్లు నిల్వ అవుతుంటే ఆఖరి సెకను జారిపోతుంది. మార్చి 1తో సమానం లేదా ఎక్కువ, ఏప్రిల్ 1 కంటే తక్కువ అని రెండు షరతులు పెట్టండి. షరతులు రాసే వేర్‌లో (WHERE) కాలమ్‌కి, తేదీని మాత్రమే తీసే డేట్ ఫంక్షన్ తొడిగినా జవాబు వస్తుంది కానీ, మామూలు ఇండెక్స్‌లో (త్వరగా వెతకడానికి ఉండే సూచికలో) ఆ రేంజ్ వెతకడం కుదరదు. పెద్ద టేబుల్ అయితే క్వెరీ నత్తనడకే.

అయినా లెక్క కలవలేదా? ఇక టైమ్‌జోన్ చూడాలి. సెషన్ (సర్వర్‌తో మీ కనెక్షన్) టైమ్‌జోన్, ఇప్పటి టైమ్ చెప్పే నౌ (NOW), ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీలో టైమ్ చెప్పే యూటీసీ టైమ్‌స్టాంప్ (UTC_TIMESTAMP) మూడింటినీ ఒకే సెలెక్ట్‌లో అడగండి. చివరి రెండింటి మధ్య 5 గంటల 30 నిమిషాల తేడా ఉంటే సెషన్ మన టైమ్‌లో నడుస్తున్నట్టు. తేడా లేకపోతే యూటీసీలో.

యూటీసీ అయితే ఏమవుతుందంటే, ఏప్రిల్ 1 తెల్లవారుజామున 2:10కి హైదరాబాద్‌లో పడిన ఆర్డర్ మార్చి 31, 20:40గా కనిపిస్తుంది. అంటే పాత ఆర్థిక సంవత్సరంలో కలిసిపోతుంది! కాలమ్ టైమ్‌స్టాంప్ రకమైతే సెషన్‌ని '+05:30'కి మారిస్తే చాలు, విలువలు వాటంతటవే మారి వస్తాయి. డేట్‌టైమ్ రకం అలా మారదు, రాసింది రాసినట్టే ఇస్తుంది. అందులో యూటీసీ టైమ్ నింపి ఉంటే హద్దులనే వెనక్కి జరపండి: '2024-02-29 18:30:00' నుంచి '2024-03-31 18:30:00' లోపు.

టైమ్‌ని ఒక జోన్ నుంచి మరో జోన్‌కి మార్చే కన్వర్ట్ టీజెడ్ (CONVERT_TZ) ఫంక్షన్‌కి 'ఏషియా/కోల్‌కతా' అని పేరిస్తే నల్ (ఖాళీ విలువ) వస్తోందంటే, చాలాసార్లు సర్వర్‌లో టైమ్‌జోన్ టేబుల్స్ లోడ్ చేయలేదనే. '+00:00', '+05:30' అని అంకెల్లో ఇస్తే పనిచేస్తుంది. మన దగ్గర గడియారం ముందుకూ వెనక్కూ జరిపే పద్ధతి ఇప్పుడు లేదు కాబట్టి ఇది నమ్మదగినదే. అమెరికా బ్రాంచి డేటాకి మాత్రం ఇలా చేయొద్దు. అక్కడ వేసవికీ చలికాలానికీ తేడా మారుతుంది, టేబుల్స్ లోడ్ చేయించాల్సిందే.