వాట్సాప్‌లో బొమ్మలు చదవడం: మిర్చి కొట్టు గుమాస్తా చెప్పే తీరు

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టుకు నేను గుమాస్తాని. మచ్చు ఫోటో, రేటు, టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క అన్నీ ఇప్పుడు వాట్సాప్‌లోనే నడుస్తున్నాయి. అందులో నొక్కే గుర్తుల బొమ్మలు నాకూ అర్థం కాలేదు మొదట్లో. ఒకసారి ఒక రైతుకు పంపాల్సిన తాలు (రంగు పోయిన నాసిరకం కాయ) ఫోటో, కింద రేటుతో సహా, స్టేటస్‌లో పెట్టేశాను. గ్యాలరీలోంచి షేర్ నొక్కితే వచ్చే పేర్లలో అన్నిటికంటే పైన ఉండేది 'మై స్టేటస్'. చూడకుండా నొక్కింది నేనే. కాసేపటికి సత్తెనపల్లి నుంచి ఒక పెద్దాయన ఫోన్: "ఏమయ్యా, తేజ రకం మిర్చి ఇంతకు దిగిందా?" అది తాలు అని నేను రాయలేదు మరి.

మీకూ అలా జరిగితే టెన్షన్ పడకండి. మీ స్టేటస్ తెరిచి, మూడు చుక్కలు నొక్కి డిలీట్ చేయండి. ఊరుకుంటే 24 గంటలు ఉంటుంది. కంటి బొమ్మ పక్కన అంకె ఎంతమంది చూశారో చెబుతుంది. నాది అప్పటికే 41.

2024లో ఆండ్రాయిడ్ ఫోన్లలో చాట్స్, కాల్స్ వరస తెర పైనుంచి కిందికి దిగింది. "నా కాల్స్ పోయాయి" అంటూ ఆ వారం కొట్టుకు నలుగురు వచ్చారు. పోలేదు, బొమ్మ కింద ఉంది. చోటు మారుతుంది కానీ బొమ్మ అంత తొందరగా మారదు: రిసీవర్ అంటే కాల్స్, ముగ్గురు మనుషులుంటే కమ్యూనిటీలు, గుండ్రటి గీతది అప్‌డేట్స్, స్టేటస్‌లు అందులోనే. అసలు ఆ రిసీవర్ ఉన్న ఫోన్ మా అబ్బాయి చూడనే లేదు, అయినా గుర్తుపడతాడు.

వ్యాపారంలో గొడవలన్నీ టిక్కుల దగ్గరే. గడియారం బొమ్మ ఉంటే మెసేజ్ ఇంకా మీ ఫోన్లోనే ఉంది. కోల్డ్ స్టోరేజీ లోపల సిగ్నల్ లేక నాకు తరచూ ఇదే. ఒక టిక్కు అంటే మీ దగ్గర్నుంచి వెళ్లింది, అవతలివాళ్లకి చేరలేదు. ఫోన్ ఆఫ్‌లో ఉండొచ్చు, వెంటనే బ్లాక్ చేశాడని అలగకండి. రెండు టిక్కులు చేరినట్టు, అవి నీలంగా మారితే చదివినట్టు. అయితే కొందరు ఆ నీలం కనబడకుండా సెట్టింగ్స్‌లో ఆపేస్తారు. గ్రూపులోనైతే అందరూ చదివితేనే నీలం. ఎవరు చదివారో కావాలంటే మీ మెసేజ్‌ను నొక్కి పట్టుకుని, మూడు చుక్కల్లో 'ఇన్ఫో' చూడండి. "నాకు రేటు రాలేదు" అనేవాళ్లకి నేను చూపించేది అదే.

రేటు తప్పు కొట్టారా? 13,500 బదులు 15,300 పడితే 15 నిమిషాల్లోపు 'ఎడిట్' చేయొచ్చు. దాటితే చెత్తబుట్ట బొమ్మ, అందులో 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్'. పక్కనున్న 'డిలీట్ ఫర్ మీ' నొక్కారో, అవతలివాళ్ల దగ్గర ఆ రేటు అలాగే ఉంటుంది.

టైపు చేయలేనివాళ్లు మైకు నొక్కి పట్టుకుని మాట్లాడండి. వేలు పైకి జరిపితే తాళం పడుతుంది, చేయి వదిలేసి కాటా చూసుకుంటూ మాట్లాడొచ్చు. ఎడమకి జరిపితే రద్దు.

మెసేజ్ మీద రెండు బాణాలుంటే అది చాలా చేతులు మారి వచ్చిందని. "రేపు రేటు దూసుకెళ్తుంది" అనేవి ఎక్కువగా ఈ బాణాలతోనే వస్తాయి. దాన్ని నమ్మి సరుకు ఆపొద్దు, ముందు కొట్టుకు ఫోన్ చేయండి.

ముఖ్యమైన చాట్‌ను నొక్కి పట్టుకుని పిన్ను బొమ్మ తాకితే పైనే ఉండిపోతుంది. ఆండ్రాయిడ్‌లో అక్కడే మూడు చుక్కల్లో 'యాడ్ చాట్ షార్ట్‌కట్' ఉంటుంది, ఆ చాట్ ఫోన్ ముఖం మీదే ఒక బొమ్మై కూర్చుంటుంది. సత్తెనపల్లి పెద్దాయనకు మా కొట్టుది అలా పెట్టిచ్చాను. ఇప్పుడు నేను రేటు పెట్టకముందే "ఇంకా రాలేదేం?" అని వాయిస్ మెసేజ్ వస్తోంది.