విశాఖ తీరంలో జీవ పరిణామాన్ని గమనించే పద్ధతి

జీవ పరిణామాన్ని అర్థం చేసుకోవడానికి డైనోసార్లతోనో శిలాజాలతోనో మొదలుపెట్టనక్కరలేదు. విశాఖపట్నంలో ఉన్నవారికి తెన్నేటి పార్కు దిగువన ఉన్న రాళ్ల తీరం, చేపల మార్కెట్టు, సొంత వంటగది చాలు. అయితే ముందుగా చూడవలసినవి ఒక జాతికీ మరో జాతికీ ఉన్న తేడాలు కావు, ఒకే జాతి ప్రాణుల్లో ఒకదానికీ మరొకదానికీ ఉన్న తేడాలు.

అమావాస్యకో పౌర్ణమికో దగ్గరి రోజుల్లో, సముద్రం బాగా వెనక్కి తీసే పాటు వేళ చూసుకుని వెళ్లాలి. నాచు పట్టిన రాళ్లు జారతాయి. కెరటాలకు వీపు తిప్పి కూర్చోవడం ప్రమాదకరం. రాతిని పట్టుకుని బతుకుతున్న ప్రాణులను పెకలించకుండా, ఒకే రకానికి చెందిన ఖాళీ చిప్పలను కొన్ని ఏరి తెల్లటి గుడ్డ మీద వరుసగా పేర్చాలి. కాసేపు చూస్తే ఒకదాని చారలు దట్టంగా, మరొకదానివి పలచగా, ఇంకొకదాని అంచు మందంగా కనిపిస్తాయి. ఈ తేడాల్లో కొన్ని వారసత్వంగా వచ్చినవి కావు. ఇసుక రాపిడికి అరిగి వచ్చిన నునుపు ఆ ఒక్క చిప్పతోనే పోతుంది. జన్యువుల ద్వారా తల్లిదండ్రుల నుంచి పిల్లలకు అందే తేడాలే పరిణామానికి ముడిసరుకు. జన్యువులకు నకళ్లు తయారయ్యేటప్పుడు దొర్లే మార్పుల వల్ల, అంటే ఉత్పరివర్తనాల వల్ల, కొత్త తేడాలు పుడతాయి. ప్రాణికి ఏది అవసరమో చూసి ఆ మార్పులు రావు.

తరువాత లెక్క వేయవలసింది ఎన్ని పుడుతున్నాయి, ఎన్ని మిగులుతున్నాయి అన్నది. విశాఖ తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు ఒక్కో గూటిలో సుమారు 100 గుడ్లు పెడుతుంది. వాటిలో పెరిగి పెద్దయ్యేవి చాలా తక్కువ. ఏది మిగులుతుందన్న దానిలో అదృష్టం పాలు పెద్దదే, దాన్ని కాదనకూడదు. అయినా వారసత్వంగా అందే ఏదో ఒక లక్షణం బతికి పిల్లలను కనడానికి కొద్దిగానైనా తోడ్పడితే, తరాలు గడిచేకొద్దీ ఆ లక్షణం ఉన్నవాటి సంఖ్య పెరుగుతుంది. 1858లో ప్రకృతి శాస్త్రవేత్తలు చార్లెస్ డార్విన్, ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్‌ల రచనలు కలిసి వెలుగులోకి తెచ్చిన ప్రకృతి వరణం ఇదే.

చూసినదాన్ని నోటుపుస్తకంలో రాసేటప్పుడు, “కెరటాలను తట్టుకోవడానికి నత్త గట్టి చిప్పను పెంచుకుంది” అన్న తరహా వాక్యం వస్తే కొట్టివేయాలి. “గట్టి చిప్ప ఉన్న నత్తలకు ఎక్కువ సంతానం మిగిలింది” అని తిరగరాస్తే కర్త మారుతుంది, దానితో ఆలోచనా మారుతుంది: పరిణామం చెందేది ఒక నత్త కాదు, నత్తల సమూహం. పసిఫిక్ మహాసముద్రంలోని గలాపగోస్ దీవుల్లో జీవశాస్త్రవేత్తలైన పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు గమనించినది ఇలాంటిదే. 1977 కరవులో చిన్న గింజలు అయిపోగా, పెద్ద గింజలను పగలగొట్టగల లావు ముక్కు ఫించ్ పక్షులు ఎక్కువగా బతికాయి, తరువాతి తరంలో సగటు ముక్కు లావెక్కింది. 1983లో భారీ వర్షాలు పడి చిన్న గింజలు విస్తారంగా దొరికాక మొగ్గు చిన్న ముక్కుల వైపు తిరిగింది. పరిణామమంటే పైకి ఎక్కే మెట్లవరస అనుకునేవారు ఈ ఉదాహరణ దగ్గర కాస్త ఆగాలి.

ఇక బంధుత్వాల సంగతి. రాళ్ల మీదా పడవల అడుగునా పొలుసుల్లా అంటుకుని కాళ్లు కోసే తెల్లటి బార్నకిల్స్‌ను చూసి ఎవరైనా నత్తలనే అనుకుంటారు. ఒకప్పుడు శాస్త్రవేత్తలూ వాటిని ఆ వర్గంలోనే చేర్చారు. నీటిగుంటలో మునిగి ఉన్నదాన్ని కదలకుండా చూస్తే, పైన మూత తెరుచుకుని ఈకల్లాంటి కాళ్లు బయటికి వచ్చి నీటిని తోడుకుంటాయి. వాటి పిల్లదశను పరిశీలించాక, అవి రొయ్యలకూ పీతలకూ చుట్టాలని 19వ శతాబ్దంలో తేలింది. డార్విన్ 1846 నుంచి 1854 వరకు ఈ ప్రాణుల మీదే పనిచేశాడు.

వంటగదిలో ఉడికించిన కోడిరెక్క నుంచి మాంసం తీసివేయండి. భుజం వైపు ఒకే ఎముక, మధ్యలో లావుదొకటి, సన్ననిదొకటి, కొసన కలిసిపోయిన చిన్న ఎముకలు కనిపిస్తాయి. మన చేతిని తడిమి చూసుకుంటే అదే వరుస తెలుస్తుంది. ఎగరడానికీ పట్టుకోవడానికీ ఒకే అమరిక ఉండటానికి కారణం ఉమ్మడి పూర్వీకులు. మనిషి నేటి కోతుల నుంచి పుట్టాడా అన్న ప్రశ్నకూ జవాబు ఇదే తీరులో ఉంటుంది: మనకూ చింపాంజీలకూ లక్షల ఏళ్ల కిందట ఉమ్మడి పూర్వీకులు ఉండేవారు, నేటి చింపాంజీ మనకు దాయాది మాత్రమే.

డాల్ఫిన్ ముందు తెడ్డులోనూ ఈ ఎముకల వరుసే ఉంటుంది. మార్కెట్టులో కొన్న వంజరం రెక్కను చీల్చి చూస్తే అది కనిపించదు, సన్నటి పుల్లలే ఉంటాయి. నీటిలో వేగంగా ఈదవలసి రావడం వల్ల రెండింటికీ దాదాపు ఒకే ఆకారం వేరువేరుగా ఏర్పడింది. అందుకని రెండు ప్రాణులు పైకి ఒకేలా ఉన్నప్పుడు, లోపలి ఎముకలనూ వాటి పిల్లదశనూ పోల్చి చూసిన తరువాతే బంధుత్వం రాసుకోవాలి.