మీ ఊరి చరిత్ర మీరే రాయడం ఎలా?

ప్రాజెక్టు వర్కు అని డిగ్రీ పిల్లలు నా దగ్గరికి తెచ్చే కాగితాల్లో సగానికి సగం గండికోట గురించే ఉంటాయి. కోటగోడ, పెన్నా లోయ, మసీదు, ధాన్యాగారం, అన్నీ ఫోన్లో దొరికినవే. "మరి మీ ఊరిదేదమ్మా?" అని అడిగితే, "మా ఊర్లో ఏముంది సార్, చిన్న పల్లె" అంటారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. కలమళ్ళ కూడా చిన్న పల్లే. ఎర్రగుంట్ల మండలంలోని ఆ ఊరి గుడి ఆవరణలో, క్రీ.శ. 575 ప్రాంతంలో, ఎరికల్ ముత్తురాజు ధనంజయుడనే రేనాటి చోళుడి కాలంలో రాతి మీద చెక్కిన మాటలనే తొలి తెలుగు శాసనంగా చెప్పుకుంటున్నాం. దాన్ని ఎవరో ఒకరు ఆగి, వంగి చదివారు కాబట్టి మనకు తెలిసింది.

ఊరి చరిత్ర రాయడానికి పెద్ద చదువు అక్కర్లేదు. 200 పేజీల లాంగ్ నోటుబుక్కు, పెన్ను, ఫోను, ఒక టార్చిలైటు, రెండు మూడు నెలల ఆదివారాలు చాలు. కడప జిల్లా పల్లెల్లో పిల్లలతో తిరిగి నేర్చుకున్న పద్ధతి ఇది. మీ ఊరు వేరే జిల్లాలో ఉన్నా పెద్దగా మార్చుకోవాల్సింది ఉండదు.

మొదట నడవండి

ఎవరినీ ఏమీ అడగకముందే పొద్దున్నే ఊరు ఒకసారి చుట్టి రండి. బొడ్డురాయి ఎక్కడుంది, రచ్చకట్ట ఎక్కడ, గుడి ఏ దిక్కున, పీర్ల సావిడి ఎక్కడ, బావులెన్ని, ఏ వాడకు ఏ బావి, శ్మశానాలు ఎన్ని? చేతితో ఒక పటం గీసుకోండి. వంకర టింకరగా వచ్చినా ఫరవాలేదు.

తర్వాత పొలాల పేర్లు రాసుకోండి. ఊరి చరిత్రలో సగం ఈ పేర్లలోనే దాక్కుని ఉంటుంది. చాకలి మాన్యం, కుమ్మరి మాన్యం, తలారి మాన్యం అనే చేలు ఉంటే, ఆ పనులు చేసినవాళ్లకు ఒకప్పుడు ఊరు భూమి ఇచ్చిందన్నమాట. ఇప్పుడు ఆ చేను ఎవరి సాగులో ఉందో కూడా చూడండి. 'పాతూరు చేను' అనో 'పాటిదిబ్బ' అనో అంటుంటే తప్పకుండా వెళ్లి చూడాలి. అక్కడ దుక్కిలో కుండపెంకులు తేలుతుంటే, ఊరు ఒకప్పుడు ఆ చోటే ఉండి తర్వాత ఇప్పుడున్న చోటికి వచ్చిందనుకోవచ్చు. వరదకు లేచిపోయిందా, కలరాకు లేచిపోయిందా, దోపిడీలకు భయపడి వచ్చిందా అన్నది పెద్దవాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న. పెంకులు మాత్రం ఏరి ఇంటికి తేవద్దు, ఫొటో చాలు.

ఊరి పేరు ఎలా వచ్చిందనే కథ ఎవరో ఒకరు చెబుతారు. రాసుకోండి, కానీ నిజమని తేల్చేయకండి. కడప పేరే చూడండి. తిరుమల కొండకు ఇది గడప కాబట్టి కడప అయిందని ఇక్కడ అందరం చెప్పుకుంటాం. జనం అలా చెప్పుకుంటారన్నది నిజం. పేరు పుట్టుకకు అదే కారణమా అన్నది వేరే మాట. ఈ రెండింటినీ విడివిడిగా రాయడం అలవాటైతే మీరు చరిత్రలోకి అడుగుపెట్టినట్టే.

జేజి పక్కన కూర్చోండి

జేజి అంటే మా వైపు అవ్వ. ఊర్లో అందరికంటే పెద్దామె ఎవరో కనుక్కోండి. ఆమె దగ్గరికి ప్రశ్నల కాగితం పట్టుకుని వెళ్లొద్దు, ఇంటర్వ్యూ అని అసలు అనొద్దు. శెనక్కాయలు ఒలుస్తుంటే పక్కన కూర్చుని మీరూ నాలుగు ఒలవండి. "జేజీ, నువ్వు కాపురానికి వచ్చినప్పుడు ఈ ఇల్లు ఎట్లుండె?" అని మొదలుపెట్టండి. మన ప్రాంతంలో మట్టిమిద్దెతో మొదలైన మాట సంగటికి, కొర్రలకు, పాతర్లలో దాచిన గింజలకు, కపిలె తోలిన బావికి దానంతటదే వెళ్తుంది. మధ్యలో అడ్డుపడకండి. ఆమె ఆగినప్పుడు మీరూ కాసేపు ఊరికే ఉండండి, అసలు మాట చాలాసార్లు ఆ తర్వాతే వస్తుంది.

రికార్డు చేయాలంటే ముందే అడగాలి. ఫోను జేబులో పెట్టుకుని దొంగతనంగా మాత్రం చేయొద్దు.

ఒక పల్లెలో ఒక జేజి మా పిల్లలతో అన్న మాట ఇది: "నేను పుట్టింది విరోధిలో నాయనా. నాకు నడకొచ్చినాక గంజికరువొచ్చిందని మాయమ్మ చెప్పేది." పిల్లలు 'విరోధి' అంటే ఎవరో శత్రువు అనుకున్నారు. అది తెలుగు సంవత్సరం పేరు. ఈ లెక్క తెలియక చాలామంది మంచి సమాచారాన్ని వదిలేసుకుంటున్నారు, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

సంవత్సరం కట్టడం నేర్చుకోండి

తెలుగు సంవత్సరాల పేర్లు అరవై. అరవై ఏళ్లకొకసారి అదే పేరు తిరిగి వస్తుంది. విరోధి 2009–10లో వచ్చింది, అంతకు ముందు 1949–50లో, ఇంకా ముందు 1889–90లో. జేజి వయసు చూస్తే 1949–50 అని తేలిపోతుంది. గంజి కేంద్రాలు పెట్టి జనాన్ని బతికించిన రాయలసీమ కరువు 1950ల మొదట్లోది. రెండు మాటలూ ఒకదానికొకటి సరిపోయాయి. అక్షరం రాని ఆమె జ్ఞాపకం అంత కచ్చితంగా ఉంది.

కరువులకు కూడా సంవత్సరం పేర్లే పెట్టారు మన పెద్దలు. ధాత కరువు అంటే 1876–78 నాటి మహా కరువు, ధాత సంవత్సరంలో మొదలైంది కాబట్టి ఆ పేరు. నందన కరువు 1832–33 నాటిది.

పాత భూమి కాగితాల్లో ఫసలీ అని ఉంటుంది, అది శిస్తు లెక్కల సంవత్సరం. దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1286 అంటే 1876 జులై నుంచి 1877 జూన్ దాకా. శాసనాల్లో శాలివాహన శకం ఉంటుంది, దానికి 78 కలపాలి. శక 1450 అంటే 1528. పుష్యం, మాఘం లాంటి చివరి నెలలైతే 79 కలపండి, అప్పటికి జనవరి దాటి ఉంటుంది.

సంవత్సరం పేరూ గుర్తులేని వాళ్లకు ఒక సంఘటన గుర్తుచేయండి. ఊరికి కరెంటు రాకముందా, తర్వాతా? కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడా? అంటే 1953కూ 1956కూ మధ్య. ఊరి భూమి లెక్కలు రాసే కరణాలు పోయినాకా? అంటే 1984 తర్వాత. బుగ్గవంక పొంగి కడప మునిగింది 2001లో, చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామ్ తెగింది 2021 నవంబరులో. ఇలాంటి గుర్తులు మీ ఊరికి తగినవి పది రాసి పెట్టుకోండి.

రాళ్లు చదవడం

గుడి ముందు, చెరువు తూము దగ్గర, ఒక్కోసారి చేను గట్టున అక్షరాల రాయి కనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం చూస్తే ఏమీ తెలియదు. పొద్దున ఏడు లోపల గానీ, సాయంత్రం చీకటి పడ్డాక టార్చి పట్టుకుని గానీ వెళ్లండి. లైటును ఎదురుగా కాకుండా రాయికి పక్క నుంచి, దాదాపు తాకుతున్నట్టు వేయండి. అప్పుడు ఒక్కో అక్షరం గుంటలో నీడ పడుతుంది. రాయి మేల్కొన్నట్టుగా ఉంటుంది. మొదటిసారి చూసిన పిల్లలు అరుస్తారు. ఆ నీడ ఉండగానే ఫొటోలు తీయండి. పక్కన ఒక స్కేలు పెట్టి, ముందు రాయి మొత్తం, తర్వాత వరుస వరుసగా.

సున్నం పూయొద్దు, సుద్దముక్క రుద్దొద్దు, నూనె పోయొద్దు, పెయింటు అసలే వద్దు. నేను చదువుకునే రోజుల్లో ఒక శాసనం మీద సుద్దముక్కతో అక్షరాలు దిద్దాను. 'మ' అనుకుని నేను దిద్దినది 'య' అని తర్వాత తెలిసింది. అప్పటికే నా తర్వాత వచ్చిన ఇద్దరు దాన్ని 'మ' అనే రాసుకుపోయారు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పైన సూర్యుడు, చంద్రుడు చెక్కి ఉంటే, ఈ దానం సూర్యచంద్రులున్నంత కాలం నిలవాలని అర్థం. విజయనగర కాలపు శాసనాలు చాలావరకు 'స్వస్తిశ్రీ'తో మొదలై శకసంవత్సరం, రాజు పేరు, దానం ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడు, భూమి హద్దులు చెప్పి, చివర శాపంతో ముగుస్తాయి. ఈ దానాన్ని చెరిపినవాడు గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోతాడని. లిపి చదవలేకపోతే బెంగ వద్దు. కడప జిల్లా శాసనాలను రాష్ట్ర పురావస్తు శాఖ సంపుటాలుగా అచ్చు వేసింది, మీ ఊరి పేరు వాటిలో వెతకండి. లేకపోతే ఫొటోలను మైసూరులో ఉన్న కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగానికి పంపవచ్చు.

అక్షరాలు లేని రాళ్లనూ వదలొద్దు. కత్తి పట్టిన మనిషి బొమ్మ ఉంటే అది వీరగల్లు కావచ్చు. పశువుల కోసమో ఊరి కోసమో పోరాడి పడిపోయినవాడి గుర్తు. పైకెత్తిన ఒంటి చెయ్యి, దానికి గాజులు ఉంటే అది సతికల్లు.

కాగితాలు ఎక్కడ దొరుకుతాయి

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాక, కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కరణాల దగ్గరున్న కవిలెలు (పాత లెక్కల పుస్తకాలు) చూసి, పెద్దలు చెప్పింది విని రాయించినవే కైఫియతులు. ఆ పనిలో కావలి సోదరులైన బొర్రయ్య, లక్ష్మయ్యల శ్రమ చాలా పెద్దది. ఊరు ఎవరు కట్టారు, గుడి ఎవరు ఎత్తారు, మాన్యాలు ఎవరికి అన్నది వాటిలో ఉంటుంది. కడప జిల్లా కైఫియతులు సంపుటాలుగా అచ్చయ్యాయి. కడపలో సి.పి. బ్రౌన్ బంగళా ఉన్న చోటే కట్టిన బ్రౌన్ గ్రంథాలయంలో ఒక రోజంతా కూర్చోండి. బ్రౌన్ 1820లో కడపకు వచ్చి, పండితులను పెట్టుకుని తాళపత్రాలు సేకరించి శుద్ధప్రతులు రాయించిన చోటు అది.

కంపెనీ తర్వాతి కాలానికి జిల్లా వివరాలతో సర్కారు ఉద్యోగులు రాసిన ఇంగ్లీషు పుస్తకాలు, గ్రిబుల్ రాసిన కడప మాన్యువల్ (1875), బ్రాకెన్‌బరీ గెజెటీర్ (1915) ఉన్నాయి. అనంతపురం వాళ్లకు ఫ్రాన్సిస్ గెజెటీర్ (1905), కర్నూలు వాళ్లకు గోపాలకృష్ణమ్మ చెట్టి మాన్యువల్ (1886). ఊరి జనాభా కావాలంటే జనగణన జిల్లా పుస్తకాలు చూడండి.

ఇవన్నీ చదివేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. కైఫియతులో మాట్లాడింది ఎక్కువగా కరణాలు, మాన్యాలున్నవాళ్లు. మాన్యువల్ రాసింది తెల్లదొరల కొలువులో ఉన్నవాళ్లు. మాలవాడలో, మాదిగవాడలో ఏ బావి నీళ్లు తాగారో, ఎవరు ఎవరి ముందు చెప్పులు విడవాల్సి వచ్చిందో, చెరువు కట్ట మట్టి మోసింది ఎవరో ఆ పుస్తకాల్లో వెతికినా దొరకడం కష్టం. అది అడిగి తెలుసుకోవాల్సిందే. ఏ ఊరికి వెళ్లినా పిల్లలు మొదట పెద్ద ఇళ్లకే పోతారు, అక్కడ కుర్చీ వేస్తారు కాబట్టి. మీ పుస్తకంలో కనీసం సగం గొంతులు ఆ కుర్చీలు లేని ఇళ్లవి కాకపోతే, పుస్తకం పూర్తయిందని అనుకోకండి.

దీనికి బడి రిజిస్టరు ఎంతో ఉపయోగం. హెడ్మాస్టరు అనుమతి తీసుకుని పాత అడ్మిషన్ రిజిస్టరు చూడండి. మొదటి ఆడపిల్ల పేరు ఏ సంవత్సరంలో కనిపిస్తుంది? దళితవాడ నుంచి మొదటి పిల్లాడు ఎప్పుడు చేరాడు, ఏ తరగతిలో మానేశాడు? ఈ మూడు జవాబులు ఒక పేజీలో పెడితే, మీ ఊరి సామాజిక చరిత్ర కళ్ల ముందుకొస్తుంది. పిల్లల పేర్లు, కులాలు మాత్రం పుస్తకంలో రాయొద్దు. సంవత్సరం, తరగతి చాలు.

గొడవల సంగతి

మన జిల్లాల్లో ఏ ఊరైనా తవ్వితే కక్షల మాట వస్తుంది. చనిపోయినవాళ్ల ఇళ్లు ఇంకా ఆ వీధిలోనే ఉంటాయి. పేర్లు రాయకండి. ఎవరు చంపారనేది మీ పని కాదు. ఆ రోజుల్లో బడి ఎన్నాళ్లు మూతపడింది, ఎన్ని కుటుంబాలు ఊరు విడిచి వెళ్లాయి, ఆడవాళ్లు పొలం పనులు ఎలా చేసుకున్నారు అని అడగండి. ఎవరైనా "ఇది రాయొద్దు నాయనా" అంటే వెంటనే పెన్ను మూయాలి.

సరిచూసి, రాసి, చదివి వినిపించడం

ఒక్కో సంగతికి కనీసం రెండు ఆధారాలు పట్టండి. వేర్వేరు వాడల్లో ఇద్దరు చెప్పడం, లేదా ఒకరు చెప్పింది ఒక రాతితోనో కాగితంతోనో కలవడం. కలవకపోతే రెండూ రాయండి. 'గుడి రాయల కాలంలో కట్టారని పూజారి ఇంటివాళ్లు చెబుతారు, గుడిలో దొరికిన శాసనం అంతకు ముందుదిగా కనిపిస్తోంది' అని రాస్తే తప్పేమీ లేదు. ప్రతి పేరా కింద ఎవరు చెప్పారు, ఏ రోజు చెప్పారు అని ఉండాలి. పేరు వద్దంటే 'పడమటి వీధిలో ఒక జేజి' అని రాయండి.

రాసేటప్పుడు రాజుల వరసతో మొదలుపెట్టకండి. నీళ్లతో మొదలుపెట్టి చూడండి. చెరువు, బావులు, వంక, కేసీ (కర్నూలు–కడప) కెనాల్ వచ్చి ఉంటే కెనాల్, తర్వాత బోర్లు. సీమ పల్లె చరిత్ర అంతా నీళ్ల వెంటే నడుస్తుంది. గుడి, భూమి, వలసలు, చదువు దాని వెనకే వస్తాయి. జనం మాటల్ని సరిదిద్దకండి, 'ఎట్లుండె' అంటే 'ఎట్లుండె' అనే రాయండి.

చిత్తుప్రతి అయ్యాక ఒక సాయంత్రం రచ్చకట్ట మీద గట్టిగా చదివి వినిపించండి. కొందరు "అట్ల కాదు" అంటారు. అలా అన్నప్పుడు మనసు చిన్నబుచ్చుకోకుండా, మార్జిన్లో తేదీ వేసి రాసుకోండి. మా పిల్లలు చదివిన రోజు విరోధి జేజి చివరి దాకా విని, "ఆ తూర్పు బాయి తవ్వినోళ్ల పేరు రాయలేదే" అంది. ఆ బావి తవ్వింది పక్క ఊరి నుంచి వచ్చిన నాలుగు ఒడ్డెర కుటుంబాలు. అంతవరకూ మాకెవరూ ఆ సంగతి చెప్పలేదు. మరుసటి ఆదివారం పిల్లలు ఆ ఊరికి వెళ్లి, వాళ్ల మనవళ్లను కలిసి వచ్చాకే ఆ పేజీ పూర్తయింది.

కాపీలు మూడు తీయండి. ఒకటి బడికి, ఒకటి పంచాయతీకి, ఒకటి శాఖా గ్రంథాలయానికి. ప్రతి కాపీ చివర పది తెల్ల కాగితాలు కుట్టించి, పైన "మీకు తెలిసింది ఇక్కడ రాయండి" అని పెట్టండి.