పవర్ విండో కదలట్లేదా? మోటారు కొనే ముందు ఇవి చూడండి

వానలో కారు అద్దం సగంలో ఆగిపోతే ఎంత టెన్షనో నాకు తెలుసు. నా కారు వెనక అద్దం అలా ఆగినప్పుడు మెకానిక్ చూసీ చూడగానే మోటారు పోయిందన్నాడు. కొత్తది బిగించినా అద్దం కదల్లేదు. చివరికి తేలిందేమిటంటే, తలుపు సందులో ఒక వైరు తెగింది. అందుకే ఏదీ కొనకముందే ఓ అరగంట ఓపిగ్గా పరీక్షించండి.

1. ముందు చప్పుడు వినండి

ఇగ్నిషన్ ఆన్ చేసి, స్విచ్ నొక్కుతూ తలుపు దగ్గర చెవి పెట్టండి. మోటారు తిరుగుతున్నా అద్దం కదలకపోతే, అద్దాన్ని ఎత్తి దించే రెగ్యులేటర్‌లో కేబుల్ తెగి ఉంటుంది, లేదా ప్లాస్టిక్ క్లిప్ విరిగి ఉంటుంది. 'టక్' మని ఆగిపోయి లోపలి లైటు కాస్త తగ్గితే కరెంటు అందుతున్నట్టే. అద్దమో మోటారో బిగుసుకుంది. అసలు చప్పుడే లేదంటే కరెంటు వచ్చే దారి వెతకాలి.

2. లాక్ బటన్, ఫ్యూజ్

డ్రైవర్ తలుపు మీద మిగతా అద్దాలను ఆపేసే లాక్ బటన్ ఉంటుంది. పొరపాటున నొక్కుకుందేమో చూడండి. అన్ని అద్దాలూ ఒకేసారి ఆగిపోతే ఫ్యూజ్ చూడండి. సాధారణంగా 20 నుంచి 30 ఆంప్స్ ఉంటుంది. అదే సైజు వేయండి. పెద్దది వేస్తే వైర్లు కాలిపోయే ప్రమాదం ఉంది. కొత్తది కూడా వెంటనే పోతే ఎక్కడో షార్ట్ ఉంది, ఎలక్ట్రీషియన్‌కు చూపించండి.

3. స్విచ్

అద్దం ఆ తలుపు స్విచ్‌తో కదలక, డ్రైవర్ దగ్గరి స్విచ్‌తో కదిలితే తప్పు మొదటి స్విచ్‌దే. కిందికి దిగి పైకి ఎక్కకపోయినా ముందు స్విచ్‌నే అనుమానించండి. ఎక్కించేదీ దించేదీ ఒకటే మోటారు. ప్లస్, మైనస్ తారుమారు చేసి దాన్ని అటూ ఇటూ తిప్పేది స్విచ్.

4. తలుపు సందులో వైర్లు

చాలామంది ఇక్కడ చూడరు. తలుపుకూ బాడీకీ మధ్య ముడతల రబ్బరు గొట్టంలో వైర్లు వెళ్తాయి. తలుపు తెరిచిన ప్రతిసారీ అవి వంగుతాయి, ఏళ్లు గడిచాక తెగుతాయి. ఒకరు స్విచ్ నొక్కి పట్టుకుంటే మీరు తలుపును మెల్లగా తెరుస్తూ మూస్తూ ఉండండి. ఏదో ఒక చోట అద్దం కదిలితే దోషం దొరికినట్టే. తెగిన వైరును టంకం వేసి స్లీవ్ తొడగాలి. ఉత్త టేపు చుడితే వంగీ వంగీ మళ్లీ ఊడుతుంది.

5. డోర్ ప్యాడ్ (తలుపు లోపలి కవర్) విప్పాల్సి వస్తే

స్క్రూలు హ్యాండిల్ వెనక, ఆర్మ్‌రెస్ట్ కింద దాగి ఉంటాయి. లోపలి ప్లాస్టిక్ షీటు చించకండి. వాన నీళ్లు క్యాబిన్‌లోకి రాకుండా ఆపేది అదే. పసుపు రంగు కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌ది కావచ్చు, ముట్టుకోవద్దు.

మోటారు కప్లర్ దగ్గర వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెట్టి స్విచ్ నొక్కండి. సుమారు 12 వోల్టులు వస్తున్నా మోటారు తిరగకపోతే అప్పుడే మోటారు పోయిందనుకోవాలి. మోటారుకే ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉన్న కార్లలో మాత్రం ఈ పరీక్ష సరిపోదు.

రెగ్యులేటర్ విప్పే ముందు అద్దాన్ని పైకెత్తి, వెడల్పు టేపుతో ఫ్రేముకు అంటించండి. కప్లర్ పీకేసి, ఆ తర్వాతే చెయ్యి లోపల పెట్టండి. పొరపాటున ఎవరైనా స్విచ్ నొక్కితే వేళ్లు నలుగుతాయి.

6. మెల్లగా ఎక్కుతుంటే

అద్దం జారే రబ్బరు అంచులో, అంటే బీడింగ్‌లో దుమ్ము పేరుకుని ఉంటుంది. తడిగుడ్డతో తుడిచి, ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టండి. నూనె, గ్రీజు వద్దే వద్దు. రబ్బరు పాడవుతుంది, దుమ్ము ఇంకా పట్టుకుంటుంది. బీడింగ్‌ను వదిలేస్తే రోజూ బరువు లాగీ లాగీ మంచి మోటారు కూడా చెడుతుంది.

బ్యాటరీ తీసి పెట్టాక ఆటో-అప్ (ఒక్కసారి స్విచ్ కదిపితే అద్దం పూర్తిగా ఎక్కే సదుపాయం) పనిచేయకపోతే కంగారు పడకండి. చాలా కార్లలో అద్దం పూర్తిగా దించి, ఎక్కించి, పైకి చేరాక కూడా స్విచ్‌ను కొన్ని సెకన్లు అలాగే పట్టుకుంటే సరిపోతుంది. మీ కారు పద్ధతి మాన్యువల్‌లో చూడండి.

వాన మొదలైపోయి, అద్దం తెరిచే ఉండిపోతే: ఒకరు స్విచ్ పట్టుకోవాలి, మరొకరు అద్దాన్ని రెండు అరచేతుల మధ్య నొక్కి మెల్లగా పైకి తోయాలి, వేళ్లు పై అంచుకు రానివ్వకుండా. ఎక్కాక టేపు వేసి, రిపేరు అయ్యేదాకా ఆ స్విచ్ ముట్టుకోకండి.