పాత కెర్నల్, కొత్త ఈథర్నెట్ ఫై: లింక్ వస్తుంది, పింగ్ రాదు

పాత చిప్ దొరక్క కొత్త బోర్డు రివిజన్‌లో ఏఆర్8035 అనే ఈథర్నెట్ ఫై (కేబుల్ సిగ్నల్‌ని డిజిటల్ డేటాగా మార్చే చిప్) తీసేసి ఏడీఐఎన్1300 పెట్టారనుకోండి. ప్రొడక్ట్ నడిచేది ఐ.ఎంఎక్స్6 ప్రాసెసర్‌లో, లినక్స్ 4.9 కెర్నల్ మీద. ఈ కొత్త ఫైకి మెయిన్‌లైన్‌లో (అధికారిక లినక్స్ సోర్స్‌లో) డ్రైవర్ వచ్చింది 5.4లో. అలాగని కెర్నల్ మొత్తం మార్చేయకండి, వెండర్ ప్యాచ్‌లు, డిస్‌ప్లే, కెమెరా అన్నీ మళ్ళీ టెస్ట్ చేయాలి. 4.9కి 2023 జనవరితో సపోర్ట్ ఆగిపోయింది, ఎప్పటికైనా మారాల్సిందే, కానీ ఆ పనిని దీనికి ముడిపెట్టొద్దు.

ముందు బూట్ లాగ్ చూడండి. జెనరిక్ ఫై అని ఉంటే కెర్నల్ చిప్‌ని గుర్తుపట్టలేదన్నమాట. అయినా గిగాబిట్ లింక్ వస్తుంది, లైట్లు వెలుగుతాయి, డీహెచ్‌సీపీ నుంచి ఐపీ అడ్రస్ మాత్రం రాకపోవచ్చు. ప్రాసెసర్‌లోని నెట్‌వర్క్ భాగాన్ని (మ్యాక్) ఫైతో కలిపే ఆర్‌జీఎంఐఐలో గిగాబిట్ దగ్గర క్లాక్ 125 మెగాహెర్ట్జ్, దాన్ని డేటా కంటే సుమారు 2 నానోసెకన్లు వెనక్కి జరపాలి, ఆ డిలే ఒక్కో దిశలో మ్యాక్, ఫై, బోర్డు ట్రేస్‌లలో ఏదో ఒకటే పెట్టాలి. జెనరిక్ డ్రైవర్ దాని జోలికే పోదు. ఐ.ఎంఎక్స్6 బోర్డు కోడ్‌లో ఏఆర్8035 ఐడీ (చిప్ గుర్తింపు నంబర్) చూసి డిలేనీ, ఎస్ఓసీకి (ప్రాసెసర్ చిప్‌కి) వెళ్ళే 125 మెగాహెర్ట్జ్ క్లాక్‌నీ సెట్ చేసే ఫిక్సప్ (చిన్న సవరణ కోడ్) ఉంటుంది, కొత్త ఐడీకి అది అసలు నడవదు. ఈథ్‌టూల్ కమాండ్‌తో లింక్‌ని 100 ఎంబీపీఎస్‌కి తగ్గించి చూడండి, పింగ్ వస్తే అనుమానం డిలే మీదే.

ఇక 5.4లోని డ్రైవర్ ఫైల్‌ని 4.9లోకి తెచ్చుకోండి. 4.9లో ఐడీ మ్యాచ్ మాక్రో లేదు కాబట్టి ఐడీ, మాస్క్ చేత్తో రాయాలి, గిగాబిట్ ఫీచర్లు, ఆటోనెగోషియేషన్, స్టేటస్ ఫంక్షన్లు కూడా విడిగా ఇవ్వాలి. అసలు చిక్కు ఎంఎండీ రిజిస్టర్లు (ఫైలోని అదనపు రిజిస్టర్లు) చదివే ఫంక్షన్‌తో. అదే పేరు 4.9లోనూ ఉంది, చక్కగా కంపైల్ అవుతుంది, కానీ క్లాజ్ 45 (రిజిస్టర్లు చదివే కొత్త పద్ధతి) వాడే ఫై చిప్‌లకే పనిచేస్తుంది, పాత పద్ధతైన క్లాజ్ 22 వాడే మన ఫైకి ఎర్రర్ ఇస్తుంది. ఇండైరెక్ట్ అని ఉన్న ఫంక్షన్ వాడండి, అందులో డివైస్, రిజిస్టర్ ఆర్గ్యుమెంట్ల వరుస తిరగబడి ఉంటుంది, రెండూ ఇంటీజర్లే కాబట్టి కంపైలర్ నోరెత్తదు. డిలే ఫైనే పెట్టాలంటే డివైస్ ట్రీలో (బోర్డు హార్డ్‌వేర్ వివరాలుండే ఫైల్‌లో) ఫై మోడ్ ఆర్‌జీఎంఐఐ-ఐడీ అయి ఉండాలి, ఇక్కడ ఐడీ అంటే ఇంటర్నల్ డిలే.

టీఎఫ్‌టీపీతో (నెట్‌వర్క్ నుంచి) బూట్ చేసినప్పుడు నెట్‌వర్క్ బాగుండి, ఫ్లాష్ నుంచి బూట్ చేస్తే పోతోందంటే, బూట్‌లోడర్ యూ-బూట్ పెట్టిన సెట్టింగ్ మీదే మీ కెర్నల్ నడుస్తోందని అర్థం. అందుకే పవర్ తీసి, ఫ్లాష్ నుంచే టెస్ట్ చేయండి.

పాత ఫై డ్రైవర్ తీసేయకండి, రెండూ ఒకే ఇమేజ్‌లో ఉంటే ఐడీని బట్టి ఏది కావాలో కెర్నలే ఎంచుకుంటుంది. బోర్డులో ఫై అడ్రస్ కూడా మారితే యూ-బూట్‌లో ఐడీ చదివి డివైస్ ట్రీని సరిచేయించండి. చివరగా ఐపెర్ఫ్ (నెట్‌వర్క్ స్పీడ్ టెస్ట్ టూల్) రెండు దిశల్లోనూ రాత్రంతా నడిపి సీఆర్‌సీ ఎర్రర్ల (దారిలో చెడిపోయిన ప్యాకెట్ల) లెక్క చూడండి, బోర్డువే కాదు, అవతలి స్విచ్ పోర్ట్‌వి కూడా.