నడుస్తున్న సర్వర్‌లోంచి హార్డ్ డిస్క్ తీయవచ్చా?

లక్షణం సాధారణంగా ఇలా ఉంటుంది: సర్వర్ ముందు భాగంలో ఒక ట్రే మీద నారింజ రంగు లైటు వెలుగుతుంది, లేదా ఒక డిస్క్‌ను చదవడంలో దోషాలు వస్తున్నాయని లాగ్ వరుసగా చెబుతుంది. సర్వర్‌ను ఆపే వీలు లేదు, కొత్త డిస్క్ చేతిలో ఉంది. అప్పుడు అందరూ అడిగేది "ఇది హాట్ స్వాపేనా?" అని, అంటే నడుస్తుండగానే మార్చగలిగేదేనా అని. విద్యుత్తు ఉండగా డిస్క్ తీస్తే యంత్రం తట్టుకుంటుందా, ఆ డిస్క్ లేకపోయినా డేటా నిలుస్తుందా, తీయబోతున్నది నిజంగా పాడైన డిస్కేనా అన్న మూడింటికీ విడివిడిగా జవాబు దొరికిన తర్వాతే ట్రే మీద చేయి వేయాలి. మొదటిదాని కోసం మాన్యువల్ మొత్తం తిరగేసేవారు కూడా మూడోదాని దగ్గర వేలితో స్లాట్లు లెక్కపెట్టి సరిపెట్టుకుంటారు.

లక్షణం: డిస్క్ తీయగానే యంత్రం బిగుసుకుపోయింది, లేదా కొత్తది పెట్టినా కనిపించలేదు

ట్రే ఉన్నంత మాత్రాన అది హాట్ స్వాప్ కాదు. డిస్క్‌లు ట్రేల వెనక ఉండే బ్యాక్‌ప్లేన్ బోర్డులోకి నేరుగా దిగుతున్నాయా, లేక లోపల కేబుళ్లతో కలిపి ఉన్నాయా అన్నది చూడాలి. శాటా, శాస్ రకం డిస్క్ కనెక్టర్లలో ఎర్త్ పిన్నులు మిగతావాటికంటే పొడుగ్గా ఉండి ముందుగా తగులుతాయి, కాబట్టి నడుస్తుండగా మార్చడం వాటికి కొత్త కాదు. అయితే బయాస్‌లో (సర్వర్ మొదలయ్యేటప్పటి అమరికలలో) డిస్క్‌లను నడిపించే కంట్రోలర్ పాత ఐడీఈ పద్ధతిలో ఉంటే ఆ సౌకర్యం పనిచేయదు. ఏహెచ్‌సీఐ పద్ధతిలో ఉండాలి, కొన్ని బోర్డులలో ప్రతి పోర్టుకూ హాట్ ప్లగ్‌ను విడిగా అనుమతించాలి. హెచ్‌పీఈ కంపెనీ సర్వర్లలో ముదురు ఎరుపు రంగు పిడి ఉన్న భాగాన్ని నడుస్తుండగా తీయవచ్చు. నీలం రంగు ఎక్కడ పట్టుకోవాలో మాత్రమే చెబుతుంది. లోపల కేబుళ్లే ఉన్నాయని తేలితే వాదన అనవసరం, రాత్రి సమయం చూసుకుని సర్వర్‌ను ఆపాలి.

లక్షణం: సరైన డిస్కే తీశారు, అయినా డేటా పోయింది

ఇక్కడ కారణం రెయిడ్‌లోనే, అంటే అనేక డిస్క్‌లను కలిపి ఒకటిగా వాడే ఏర్పాటులోనే ఉంటుంది. రెయిడ్ 0 లో ఏ ఒక్క డిస్క్‌నూ కోల్పోలేము. రెయిడ్ 5 ఒక డిస్క్ నష్టాన్ని మాత్రమే భరిస్తుంది, ఆ అవకాశం ఇప్పటికే ఖర్చయి ఉంటే రెండోది తీయకూడదు. రెయిడ్ 10 లో తీసేదాని జంట డిస్క్ (అదే డేటా నకలు ఉన్నది) ఆరోగ్యంగా ఉందా అన్నదే లెక్క. లినక్స్‌లో రెయిడ్ స్థితిని చూపే ఎండీస్టాట్ ఫైలు తెరిచి చూడడానికి పది సెకన్లు చాలు. పనిచేస్తున్న ఒక్కో డిస్క్‌కు అందులో ఒక యు అక్షరం ఉంటుంది; ఆ అక్షరాల మధ్య ఒక్క అడుగుగీత కనిపించినా రెయిడ్ అప్పటికే కుంటుతోందని అర్థం. ఈ పది సెకన్లు మిగుల్చుకోబోయి రెండు రోజులు పోగొట్టుకున్నవారిని చాలామందిని చూశాను. హెచ్‌పీఈ స్మార్ట్ క్యారియర్ ట్రేల మీద తీయవద్దని చెప్పే లైటు ప్రత్యేకంగా ఉంటుంది. అది వెలుగుతుంటే దాని మాట వినాలి.

డిస్క్ పూర్తిగా చావకుండా దోషాలు మాత్రమే చూపిస్తుంటే, ఖాళీ స్లాటు కూడా ఉంటే, పాతదాన్ని తీయకుండానే కొత్తదాన్ని పెట్టి ఎండీఆడ్మ్ (లినక్స్‌లో రెయిడ్‌ను నడిపే సాధనం) లోని రీప్లేస్ ద్వారా నకలు చేయించడం మేలు. లినక్స్ 3.3 కెర్నెల్ (లినక్స్ మూలభాగం) నుంచి ఈ వీలుంది, రెయిడ్ ఒక్క క్షణం కూడా బలహీనపడదు.

లక్షణం: పాడైన డిస్క్ తీశామనుకున్న క్షణంలోనే రెయిడ్ కూలిపోయింది

నన్ను కాల్చిన కారణం ఇదే, అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను. కొన్నేళ్ల క్రితం ఒక కార్యాలయంలో నాలుగు డిస్క్‌ల రెయిడ్ 5 లో ఎస్‌డీబీ (లినక్స్ ఒక డిస్క్‌కు ఇచ్చిన పేరు) పాడైందని లాగ్ చెప్పింది. ఏ, బీ, సీ, డీ అని ఎడమ నుంచి లెక్కపెట్టి రెండో ట్రే లాగాను. అది ఆరోగ్యంగా ఉన్న డిస్క్. పాడైనది మూడో ట్రేలో ఉంది.

ఎస్‌డీబీ అన్నది స్లాటు పేరు కాదు. కెర్నెల్ తనకు డిస్క్‌లు కనిపించిన వరుసలో ఆ అక్షరాలను ఇస్తుంది. ఒక యూఎస్‌బీ డ్రైవ్ గుచ్చి ఉన్నా, రెండో కంట్రోలర్ ముందుగా మేలుకున్నా, రీబూట్ తర్వాత అక్షరాలన్నీ ఒక మెట్టు జరగవచ్చు. కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ 0 నుంచి లెక్కిస్తుంటే పెట్టె మీది స్టిక్కర్లు 1 నుంచి మొదలుకావచ్చు. సర్వర్‌ను కూర్చిన వ్యక్తి రెండు కేబుళ్లను అటూ ఇటూ మార్చి పెట్టి ఉండవచ్చు, ఆ సంగతి అతనికి కూడా గుర్తుండదు.

పరిష్కారం సీరియల్ నంబరు. డిస్క్ వివరాలు చూపే స్మార్ట్‌సీటీఎల్ ఆదేశం ద్వారా పాడైన డిస్క్ నంబరు తీసుకుని, ట్రే మీది స్టిక్కరుతో చివరి అంకెలను పైకి చదువుతూ పోల్చాలి. స్టిక్కరు లేకపోతే లెడ్‌సీటీఎల్‌తోనో కంట్రోలర్ సాధనంలోని లొకేట్ ఆదేశంతోనో ఆ స్లాటు లైటును మిణుకుమనిపించాలి. డిస్క్ పూర్తిగా చచ్చి నంబరు కూడా చెప్పలేని స్థితిలో ఉంటే, బతికి ఉన్న డిస్క్‌లన్నింటి నంబర్లూ రాసుకుని, ఒక్కొక్కదాన్నీ డీడీ ఆదేశంతో చదివిస్తూ ఏ ట్రే లైటు ఆడుతోందో చూసి దాని ఎదుట టిక్కు పెడుతూ పోతే, చివరికి మిగిలిన ట్రేనే మనం వెతుకుతున్నది. కొత్త సర్వర్ పెట్టిన రోజునే ప్రతి ట్రే ముందు నంబరు రాసిన చీటీ అంటించేవారికి ఈ శ్రమ ఉండదు.

పొరపాటున మంచి డిస్క్ తీసేసి ఉంటే ముందుగా అన్ని రాతలనూ ఆపాలి. కొత్త రెయిడ్ సృష్టించే ఆదేశం జోలికి పోకూడదు, హార్డ్‌వేర్ కంట్రోలర్ అది పరాయి కాన్ఫిగరేషన్ అని అడిగితే క్లియర్ నొక్కకూడదు. ఎండీఆడ్మ్ ఎగ్జామిన్‌లో ప్రతి డిస్క్‌కూ ఈవెంట్ సంఖ్య (అందులో నమోదైన మార్పుల లెక్క) కనిపిస్తుంది. మంచి డిస్క్‌ను వెనక్కి పెట్టి, సంఖ్యలు దగ్గరగా ఉన్న డిస్క్‌లతో మాత్రమే బలవంతపు అసెంబుల్ చేయాలి, అంటే రెయిడ్‌ను తిరిగి కూర్చాలి. ఎప్పుడో రెయిడ్ నుంచి బయటపడిన డిస్క్‌ను డిస్క్‌ల లెక్క నింపడానికి కలిపితే పాత డేటా కొత్త డేటాలో కలిసి ఫైల్ సిస్టమ్ చెడుతుంది. ఆనాడు నేను బయటపడింది ఈ దారిలోనే, రాత్రి రెండు గంటలకు.

తీసే వరుస కూడా ముఖ్యమే. సాఫ్ట్‌వేర్ రెయిడ్ అయితే ముందు ఎండీఆడ్మ్‌తో డిస్క్‌ను ఫెయిల్ చేసి, రిమూవ్ చేసి, గడియ విప్పి ట్రేను కొద్దిగా మాత్రమే జరిపి, లోపలి పళ్లేలు తిరగడం ఆగేదాకా అరనిమిషం నిలపాలి; తిరుగుతున్న డిస్క్‌ను చేతిలోకి తీసుకోకూడదు. కొత్తదాని పరిమాణం పాతదానికంటే కొంచెం కూడా తక్కువ ఉండరాదు.

పిన్ను వంగడం, స్థిర విద్యుత్తు, ఫర్మ్‌వేర్ తేడా వంటి కారణాలు ఉన్నాయి గానీ అరుదు. పై మూడూ తేలేవరకూ వాటిని పట్టించుకోనక్కరలేదు. రీబిల్డ్ (కొత్త డిస్క్ మీద డేటాను తిరిగి నింపడం) పూర్తయ్యాక మాత్రం ఒక పని మిగులుతుంది: తీసేసిన డిస్క్ మీద సర్వర్‌ను మొదలుపెట్టే బూట్‌లోడర్ ఉండి ఉంటే కొత్తదాని మీద కూడా ఆ బూట్‌లోడర్‌ను (సాధారణంగా గ్రబ్) ఎక్కించాలి, లేకపోతే ఆ లోటు కొన్ని నెలల తర్వాత, తొలి రీబూట్ నాడు బయటపడుతుంది.